చెయ్యి చాలు అనేదాకా

పెళ్లయి మణుగూరు వచ్చిన మొదటి వారంలోనే మా మామయ్య ఒక గోనెసంచి తెచ్చి నా ముందు పెట్టారు. కింద పెడుతుంటే లోపల ఇనప ముక్కలు గలగలమన్నాయి. కొత్త కోడలికి చీరో గాజులో పెడతారని విన్నాను గాని, ఇనప సామాను పెడతారని మా మధిర వైపు ఎవరూ నాకు చెప్పలేదు.

"చెయ్యి పెట్టు బిడ్డా. ఏం దొరికిందో జూడకుండ చెప్పు" అన్నారు.

పెట్టాను. చల్లగా, బరువుగా, వంకరగా ఏదో తగిలింది. "పైపు ముక్కండి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "పైపు కాదు, పైపుకు తగిలిచ్చేది. దీని పేరు ఎల్బో. ముప్పావు ఎల్బో. మళ్ల పెట్టు."

మామయ్య గనిలో పైప్ ఫిట్టర్‌గా పనిచేశారు. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడే లైన్లు వెయ్యడం, అవి పగిలితే అతకడం ఆయన పని. మోకాలు దెబ్బతిని ఉద్యోగం ముందుగానే వదిలేసి, పినపాక పోయే రోడ్డు మీద పైపులు, ఫిట్టింగుల దుకాణం పెట్టారు. అత్తయ్య నా పెళ్లికి ముందే కాలం చేసింది. మా ఆయన బొగ్గు లారీ తోలుతాడు, ఏ షిఫ్టులో ఉంటాడో ఆయనకే తెలియదు. మామయ్య ఇళ్లకు ప్లంబింగ్ పని మీద వెళితే దుకాణంలో కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి నేనేనని అందరూ అనుకున్నారు, నన్ను తప్ప అందరినీ అడిగారు. నాకు ఒళ్లు మండింది. డిగ్రీ చదివి నట్లూ వాషర్లూ అమ్ముకోవడమేమిటని మొహం ముడుచుకునే సంచిలో చెయ్యి పెట్టేదాన్ని.

కాని ఆ సంచిలో ఏదో ఉంది. రోజూ మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక పరీక్ష. రెండు మూతులుండి వంగితే ఎల్బో, మూడు మూతులుంటే టీ. తిన్నగా ఉండి మరలు లోపలుంటే సాకెట్, మరలు బయటుంటే నిపిల్. ఒక మూతి పెద్దది, ఒక మూతి చిన్నది అయితే రెడ్యూసర్. నడుమున ఆరు పలకల నట్టు తగిలితే యూనియన్. చతురస్రం తల ఉండి మూసుకుపోయి ఉంటే ప్లగ్గు. పేర్లు వారంలో వచ్చేశాయి. కొలతలే రాలేదు. అరంగుళానికీ ముప్పావుకీ తేడా రెండు సూతులు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ రెండు సూతులు పట్టుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

"కళ్లు ఉన్నాయి కదండీ, చూసి చెప్తే ఏమవుతుంది?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"గనిల నెత్తి మీది లైటు ఒక్కోపాలి ఆరిపోతది బిడ్డా. మోకాల్ల దాక నీళ్లు. అప్పుడు కన్ను ఎందుకు పనికొస్తది? చెయ్యే కన్ను. గోడ వెనక పనిచేసేటప్పుడు గూడ అంతే. చెయ్యి పడతది గని తలకాయ పట్టదు గద."

ఆ తర్వాత నేను విసుక్కోలేదు. ఒకనాడు సంచిలోంచి ఒక ముక్క పట్టుకుని, "అంగుళం మీద ముప్పావు, రెడ్యూసింగ్ టీ" అన్నాను. బయటికి తీసి చూస్తే అదే. మామయ్య దుకాణం తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి చాయ్ తాగడానికి పోయారు. డిగ్రీ పట్టా తీసుకున్న రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు, ఇది అబద్ధం కాదు.

మా దుకాణానికి ఒక పద్ధతి ఉంది. పగిలిపోయిన ముక్కే తెచ్చి చూపించాలి. బోర్డు మీద రాయలేదు గాని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ఎందుకంటే అడవి వైపు నుంచి వచ్చేవాళ్లకు మన పేర్లు అక్కర్లేదు. వాళ్లకు కావలసింది నీళ్లు. ట్యాంకు దగ్గర ఎక్కడో కారుతుంది, ఊరంతా ఒకడిని పంపిస్తుంది. వాడు బస్సెక్కి వచ్చి తువ్వాలు ముడి విప్పి ఒక ముక్క బల్ల మీద పెడతాడు. తెలుగులో చెప్తే "మూడు మూతులది", "మోచెయ్యి లెక్కది", "పీక తిరిగేది" అంటారు. వాళ్ల భాషలో చెప్తే నాకు మాట అర్థం కాదు, ముక్క అర్థమవుతుంది. ఒక ముసలమ్మ బాల్ వాల్వ్ తెచ్చి "దీనికి రెక్క ఇరిగింది" అన్నది. హ్యాండిల్‌ని రెక్క అనడం నాకెంత నచ్చిందంటే, ఇప్పటికీ మా ఇంట్లో అది రెక్కే.

మామయ్యకు అక్కడొక సరదా ఉండేది. ఎవరైనా ముక్క తెస్తే కళ్లతో చూసేవారు కాదు. తీసుకుని వీపు వెనక పెట్టుకుని, వేళ్లతో ఒక్కసారి తడిమి, "అరంగుళం బ్రాస్ ఎల్బో, లోపటి మర అరిగింది" అనేవారు. వచ్చినవాళ్లు నోరు తెరిచి చూసేవాళ్లు. పాత ముక్కలు పారెయ్యకుండా గోడకు మేకులు కొట్టి తగిలించేవారు. గోడ నిండా తుప్పుపట్టినవీ పగిలినవీ వేలాడుతుంటే ఎముకల దుకాణంలా ఉందని నేను ఎగతాళి చేసేదాన్ని. "ఏ ముక్క ఎందుకు పగిలిందో దానిల రాసుంటది, సదువుకో" అనేవారు.

ఆయన చేతి పని అన్నిటికన్నా బిగించడంలో తెలిసేది. ఇనప పైపు మరలకు సఫేదా అనే తెల్ల ముద్ద పూసి, జనపనార దారం చుట్టి, ఫిట్టింగు ఎక్కించి, పైప్ రెంచ్ వేసి తిప్పేవారు. ఎంత తిప్పాలని అడిగితే చెప్పేవారు కాదు. "చెయ్యి చాలు అనేదాకా" అనేవారు. ఇనుము నిజంగానే చెప్తుంది. మొదట వదులుగా తిరుగుతుంది, తర్వాత మొరాయిస్తుంది, ఆ తర్వాత ఒక చోట గట్టిగా పట్టేస్తుంది. ఆ పట్టు అరచేతిలోకి, అక్కడినుంచి మోచేతి దాకా వస్తుంది. అప్పుడు ఆపాలి.

ప్లాస్టిక్ పైపులు వచ్చినప్పుడు ఆయనకు తిండి సహించలేదు. రెండేళ్ల పాటు దాన్ని "బొమ్మల సామాను" అనే పిలిచారు. ఇనుమును తిప్పినట్టే రెంచ్ వేసి తిప్పి మొదట్లో ఎన్ని పగలగొట్టారో లెక్కలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ అని నేను పళ్లికిలించేదాన్ని. కాని ఆయన మొండివాడే తప్ప మూర్ఖుడు కాదు. ప్లాస్టిక్ ఇనుములాగా గట్టిగా చెప్పదు, మెల్లగా చెప్తుంది, చెవి పెట్టి వినాలి అని ఆయనే కనిపెట్టారు. చేత్తో బిగినంత బిగించి, ఆ మీద రెంచ్‌తో ఒక్క అర చుట్టు. ఆ అర చుట్టులో ఎక్కడో సన్నగా పట్టు తెలుస్తుంది. అంతే, వదిలెయ్యాలి. దాటితే ముక్క అప్పటికప్పుడు పగలదు. లోలోపల వెంట్రుక వాసి చీలిక పడి, నెలకో రెండు నెలలకో గోడలోంచి బయటపడుతుంది. ఇనుముతో పెరిగిన ఫిట్టర్లందరికీ ఇదే గండం. మామయ్య దాన్ని దాటేశారు. పదేళ్లు మా వైపు బాత్రూముల్లో ఆయన వేసిన లైను కారిందన్న మాట ఎవరూ అనలేదు.

వేరే వాళ్లు వేసిన లైను కారితే మాత్రం వాళ్లు సామానును తిట్టేవారు. కంపెనీ ముక్క మంచిది కాదండీ అనేవారు. మామయ్య నవ్వి, "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట" అనేవారు.

పోయిన వానాకాలం ముందు మా చర్చి సంఘంలోనే ఉన్న ఒక టీచరమ్మ పినపాక దగ్గర ఇల్లు కట్టుకుంది. ఒంటరి మనిషి. ఉద్యోగమంతా అడవి ఊళ్లలో చేసి, స్కూలు గదుల్లో, కిరాయి ఇళ్లలో బతికి, విరమణ అయ్యాక మొదటిసారి సొంత గోడలు లేపింది. నల్లాలు ఎక్కడ ఉండాలో సున్నంతో గోడల మీద తనే గుర్తులు పెట్టుకుంది. పని మామయ్యే చెయ్యాలని పట్టుబట్టింది. "అన్నా, నువ్వేస్తే నేను నిమ్మళంగ పండుకుంట" అంది. సామాను అంతా మా దుకాణంలోదే. ఆ ఏడే నేను కొత్త కంపెనీ సరుకు మార్చాను. పాతదానికన్నా గట్టిదని నేనే చూసి ఎంచుకున్నాను, మామయ్యకు అంతగా ఇష్టం లేకపోయినా.

గోడలు మూసేముందు లైనంతా నీళ్లు నింపి, ఒత్తిడి పెరిగేలా పంపు కొట్టి, ఒక రోజు అలాగే ఉంచారు. చుక్క కారలేదు. టైల్స్ వేశారు. ఆ తర్వాత మామయ్య వెళ్లి గోడలోని ఎల్బోలకు పొడుగు నిపిల్స్ బిగించి నల్లాలు పెట్టి వచ్చారు. పన్నెండు నల్లాలు. ఒక్కరే చేశారు.

రెండు నెలలకు టీచరమ్మ మా దుకాణానికి వచ్చి ఫోనులో ఫోటో చూపించింది. బాత్రూము వెనక పడగ్గది గోడ మీద, మంచం తల దగ్గర, పెద్ద చెమ్మ మరక. రంగు పొక్కిపోయింది.

"వానేమో అనుకున్న. వాన ఆగి పది రోజులాయె, మరక పెరుగుతనే ఉన్నది" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను కుదిపింది. "ఆదివారం గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్న. సంఘం అంత వస్తరు. ఏం జెయ్యాలె అన్నా?"

మామయ్య ఫోటో వైపు చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు చూడకుండా అన్నారు. "నా చేతి పని గాదది. ముక్కే నాసిరకందై ఉంటది. కొత్త కంపెనీ సామాను."

టీచరమ్మ ముందు గొడవెందుకని, శనివారం వచ్చి టైలు తీసి చూస్తామని చెప్పి పంపించాను. ఆమె రోడ్డు దాటిందో లేదో నా నోరు ఆగలేదు. ఆ సరుకు నేను తెచ్చింది. నాసిరకం అన్న మాట ఒక్కసారి పినపాక దాటిందంటే నేను పదిహేనేళ్లు కూర్చున్న బల్ల ముందుకు ఇక ఎవరూ రారు. పైగా ఆ మాట అన్నది బయటివాళ్లు కాదు, మా మామయ్య. "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట, అని మీరేగా అంటారు" అన్నాను.

ఆయన మొహం చూశాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. కాని నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి ఎక్కడికి పోతుంది? ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నం అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు. ముసలాయన తన తప్పు ఒప్పుకోలేక నా సరుకు మీద తోస్తున్నాడు అనుకున్నాను. మనసులో కూడా "మామయ్య" అనుకోలేదు, "ముసలాయన" అనే అనుకున్నాను.

మర్నాడు శుక్రవారం. అడవి ఊరి నుంచి ఒక పెద్దాయన తువ్వాలు మూటతో వచ్చాడు. ఊరి ట్యాంకు కింది నల్లా దగ్గర ముక్క పగిలిందట. నేను లోపల పైపులు లెక్క చూస్తున్నాను. మామయ్య ఎప్పటిలాగే ముక్క అందుకుని వీపు వెనక పెట్టుకున్నారు. ఆయన వేళ్లు నాకు కనిపిస్తున్నాయి. మామూలుగా ఒక్కసారి తడిమేవారు. ఆ రోజు వేళ్లు ముక్క చుట్టూ తిరిగాయి, మళ్లీ తిరిగాయి, గోటితో గీకాయి.

"ముప్పావు సాకెట్" అన్నారు.

ఆయన చేతిలో ఉన్నది అరంగుళం యూనియన్. దాని నడుమున ఆరు పలకల నట్టు ఇంత లావున ఉంది. కొత్త కోడలిగా మొదటి వారంలో నేను కూడా అది తప్పలేదు.

పెద్దాయన నవ్వుతూ, "కాదు దొరా, తిరిగేది" అన్నాడు. మామయ్య కూడా నవ్వేశారు. "పరాష్కానికన్న" అని, వేళాకోళమే అన్నట్టు ముక్క బల్ల మీద పెట్టి, ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లారు. పెద్దాయనకు కావలసింది నేను ఇచ్చి పంపించాను.

తర్వాత బల్ల ముందు కూర్చుని ఆ పాత యూనియన్‌ను చేతిలో తిప్పుతూ ఉంటే, ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. వేసవిలో ఆయన కాలి చెప్పు జారిపోయి బజారు దాకా ఒంటి చెప్పుతో నడిచి వచ్చారు. చూసి నవ్వాను. మరుగుతున్న చాయ్ గ్లాసును చేత్తో చుట్టి పట్టుకుని వేళ్లు ఎర్రబడినా వదల్లేదు. గనిలో మొద్దుబారిన చేతులని అనుకున్నాను. చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేసి బనియన్లు వేసుకోవడం మొదలుపెట్టారు. ఉక్కపోతకేమో అనుకున్నాను. షుగరు కోసం భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయినప్పుడు డాక్టరు సూదిలాంటి దానితో ఆయన వేళ్లు పొడిచి, "తెలుస్తుందా?" అని అడిగాడు. "అవ్, తెలుస్తంది" అన్నారు మామయ్య, తల పక్కకు తిప్పుకుని. తిరుగు బస్సులో గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నారు. డాక్టరు ఏమన్నాడండీ అంటే, "మందులు మార్చిండు" అన్నారు.

అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. పదిహేనేళ్లు చేత్తో చూడడం నేర్పిన మనిషి చెయ్యి చచ్చుబడిపోతుంటే నేను కళ్లతో కూడా చూడలేదు. నాకు ఏడుపు వచ్చింది. పైగా నిన్న ఆ సామెత ఆయన మొహం మీదే అన్నాను.

ఆయన పన్నెండు నల్లాలూ ఎలా బిగించారో అప్పుడు అర్థమైంది. చెయ్యి చాలు అనేదాకా తిప్పారు. చెయ్యి చాలు అనలేదు. అందుకని ఇంకా తిప్పారు.

ఆ రోజంతా ఒకటే ఆలోచన. ప్లంబింగ్ పని పోతే ఆయనకు పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు. గనిలోంచి వచ్చినప్పుడు ఆయన తెచ్చుకున్నది ఆ ఒక్క చెయ్యే. ఆయన వేస్తే కారదు అన్న మాట ఒక్కటే ఆయన ఆస్తి. దుకాణానికి మచ్చ వస్తే నేను నెలకో ఏడాదికో కడుక్కుంటాను. కంపెనీ మార్చాను అంటాను, చెడ్డ ముక్క ఒకటి వచ్చింది అంటాను. ఆయనకు వస్తే కడుక్కునే వయసు లేదు. రేపు టీచరమ్మ ముందు సామానే చెడ్డదని చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

శనివారం ఇద్దరం సామాను సంచి తీసుకుని ఆటోలో వెళ్లాం. టీచరమ్మ ఇంట్లో కుర్చీలు అద్దెకు తెచ్చి వరండాలో దొంతరగా పెట్టి ఉన్నాయి. ఆమె మంచం గోడకు దూరంగా జరిపి, మరక మీద ఒక దుప్పటి వేలాడదీసింది. ఆ దుప్పటి చూసేసరికి నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

బాత్రూములో నల్లా విప్పి, ఉలితో ఒక టైలు జాగ్రత్తగా లేపాను. వెనక సిమెంటు తడిసి ముద్దగా ఉంది. గీకి గీకి ఎల్బోను బయటికి తీసి, పైపు కోసి, ముక్క చేతిలోకి తీసుకున్నాను. చీలిక కళ్లకు దాదాపు కనబడదు. నా బొటనవేలికి మాత్రం తెలిసింది, మూతి దగ్గర మొదలై వంపు దాకా పోయింది. నిపిల్ రెండు చుట్లు ఎక్కువ లోపలికి దిగి ఉంది. ఇంకెవరి పనైనా అయితే, "ఏ మొరటోడు బిగించాడో" అనేదాన్ని.

టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మామయ్య ఆమె పక్కనే.

"ముక్కే చెడ్డదమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. "కంపెనీ లోపం. నేను చూసుకోకుండా తెచ్చాను. తప్పు మా దుకాణానిదే. అన్నీ మార్చి ఇస్తాం."

మామయ్య చెయ్యి చాపారు. "ఇటియ్యి."

"ఎందుకులెండి, చూశాను కదా."

"ఇయ్యి బిడ్డా."

ఇచ్చాను. ఆయన దాన్ని వేళ్లతో తడిమారు. వీపు వెనక పెట్టుకోలేదు, అందరి ముందే తడిమారు. ఏమీ తెలియలేదని ఆయన మొహమే చెప్పింది. అప్పుడు ముక్కను పైకెత్తి, సిమెంటు మడ్డితో అలాగే, కింది పెదవికి ఆనించుకున్నారు. మూతి దగ్గర నుంచి వంపు దాకా మెల్లగా పెదవి మీద లాగారు. చీలిక ఎక్కడ మొదలైందో అక్కడ ఆగారు. మళ్లీ ఒకసారి లాగారు. వేళ్లకు పోయింది పెదవికి ఇంకా మిగిలి ఉంది. ఎన్నాళ్లుగా ఇలా చూసుకుంటున్నారో, ఎవరూ చూడకుండా ఎక్కడ చూసుకుంటున్నారో నాకు తెలియదు.

"సామాను మంచిదే టీచరమ్మా" అన్నారు. పెదవి మీద మట్టి తుడుచుకోలేదు. "మా కోడలు నాకోసం అబద్ధమాడింది. ముక్క మంచిగనే ఉన్నది. నా చెయ్యే మంచిగ లేదు. వేల్లకు సురుకు పోయింది. ఏడాది దాటింది. ఎక్కడ ఆపాలెనో తెలుస్తలేదు నాకు. తెలిసి గూడ నీ ఇంటికొచ్చి బిగించిన. తెల్వనట్టు మొన్న సామాను మీద పెట్టిన. తప్పు నాది."

నేను నేల వైపు చూస్తున్నాను. టీచరమ్మ లోపలికి వెళ్లి ఒక చెంబుతో నీళ్లు తెచ్చి ఆయనకు ఇచ్చింది.

"మూతి కడుక్కో అన్నా" అంది. "ఒక్కటే పగిలిందా, అన్నీ అట్లనే ఉన్నయా?"

"పన్నెండూ నేనే బిగించిన. పన్నెండూ చూడాలె."

"రేపు ప్రార్థన ఉన్నది గదా."

"అవ్. రేపు ఇంటికి నీళ్లు బంద్ పెట్టాలె. టైల్సు ఊడి ఉంటయి. ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు."

"నువ్వే చెప్పుకో అన్నా, నేనెందుకు చెప్త?" అంది టీచరమ్మ. కాని అది తిట్టినట్టు లేదు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వైతే అబద్ధమాడుట నేర్చుకోవాలె బిడ్డా, నీకు చాతకాదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

మర్నాడు ప్రార్థన అలాగే జరిగింది. డ్రమ్ములో నీళ్లు పోసి పెట్టుకున్నారు. బాత్రూము గోడ నోరు తెరుచుకుని ఉంటే ఒకరిద్దరు తొంగి చూశారు. మామయ్య వెనక వరసలో కూర్చోకుండా, గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని, అడిగినవాళ్లందరికీ చెప్పారు. "నేను బిగించిందే. ఎక్కువ బిగించిన." అడగనివాళ్లకు కూడా ఒకరిద్దరికి చెప్పారు. నాకు సిగ్గు వెయ్యలేదు. ఆ మనిషి పక్కన కూర్చోవడం నాకు గొప్పగా అనిపించింది.

సోమవారం నుంచి పని మొదలైంది. ఆయన టైల్సు ఎక్కడ కొట్టాలో చూపిస్తారు, నేను కొడతాను. ఎల్బోకు అతికించే సొల్యూషన్ ఎంత పూయాలో, పైపు నెట్టాక ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలో ఆయన చెప్తారు. బాత్రూములో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, నా భుజాల వైపు చూస్తూ ఉంటారు. పన్నెండింట్లో నాలుగు చీలిపోయి ఉన్నాయి. మిగతా ఎనిమిదింట్లోనూ ఇంకా బయటపడని చీలికలున్నాయేమో అని అన్నీ మార్చాం. తీసిన పన్నెండు ముక్కలూ ఆయనే మా దుకాణం గోడకు మేకులు కొట్టి తగిలించారు. ముందు వరసలో, అందరికీ కనబడేచోట.

మొదటి నల్లా దగ్గర కొత్త ఎల్బోలో నిపిల్ పెట్టి చేత్తో బిగినంత బిగించాను. రెంచ్ వేశాను. పదిహేనేళ్లు సామాను అమ్మాను గాని, ఒకరి గోడలో నా చేత్తో బిగించడం అదే మొదలు. మెల్లగా తిప్పాను. పావు చుట్టు. ఇంకా కొంచెం. ఎక్కడో లోపల సన్నగా పట్టుకుంది. నా అరచేతిలోకి వచ్చింది. అదేనా, ఇంకొంచెం తిప్పాలా అని ఆగి వెనక్కి చూశాను.

"చెయ్యి ఏమంటంది?" అన్నారు మామయ్య.

"చాలు అంటున్నట్టే ఉందండి. మీరేమంటారు?"

ఆయన తన చేతులు తిప్పి అరచేతుల వైపు చూసుకున్నారు.

"నాకు ఇనబడ్తలేదు బిడ్డా" అన్నారు. "నువ్వే ఆపాలె."

నేను ఆపాను.